పాత ఆల్టోలో పెద్ద స్క్రీన్ స్టీరియో: డాష్‌బోర్డ్ కోయించే ముందు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. బండి 2009 ఆల్టో, నాన్నగారిది. ఆయన రోజూ తెల్లవారుజామున మన విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి బీచ్ రోడ్డుకు వాకింగ్‌కు వెళ్తారు, దారిలో రేడియో వింటారు. పాత స్టీరియో వాల్యూమ్ నాబ్ అరిగిపోయింది. దాని బదులు 9 అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాలని మీరు షాపుకెళ్తే, "డాష్‌బోర్డ్ కొంచెం కట్ చేయాలి సార్, గంటలో అయిపోతుంది" అన్నారు. కోయించొచ్చా అని మీ సందేహం.

కోయించకండి. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లో కార్ల వైరింగ్ పని చేస్తున్నాను. కోసిన డాష్‌బోర్డును తిరిగి మామూలుగా చేయడం నా వల్ల కాలేదు, చేసినవాళ్లనూ చూడలేదు. 2012లో ఆల్టో 800 వచ్చి మీ మోడల్ స్థానం తీసుకుంది. ఆ పాత డాష్‌బోర్డు కావాలంటే ఇప్పుడు తుక్కు బండ్లలో వెతుక్కోవాలి, దొరికినా అదీ ఎండకు పెళుసెక్కి ఉంటుంది. స్టీరియో నాలుగేళ్లకు మారుస్తాం, డాష్‌బోర్డు బండి ఉన్నన్నాళ్లూ ఉండాలి.

ముందు కొలతల సంగతి. మీ బండిలో స్టీరియో గూడు సింగిల్ డిన్. అంటే ముఖం వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50. ఇది జర్మనీలో పుట్టిన కొలత, తర్వాత ప్రపంచమంతా అదే వాడింది. అందుకే పదిహేనేళ్ల నాటి బండిలోకి కూడా ఇవాళ కొన్న సెట్టు దూరుతుంది. డబుల్ డిన్ అంటే అదే వెడల్పు, ఎత్తు మాత్రం 100. ఇప్పుడు స్క్రీన్ లెక్క చూడండి. 7 అంగుళాలు అనేది మూల నుంచి మూలకు కొలత. ఇప్పటి వెడల్పు స్క్రీన్ల లెక్కన అడ్డం సుమారు 155, నిలువు 87 మిల్లీమీటర్లు వస్తుంది. కాబట్టి చుట్టూ అంచుతో కలిపి డబుల్ డిన్ ముఖంలో సరిగ్గా ఇముడుతుంది. 9 అంగుళాల స్క్రీన్ అయితే అద్దమే అడ్డం 199, నిలువు 112. అంచు కలిపితే ఇంకా పెద్దది. అది ఏ డిన్ గూట్లోనూ పట్టదు. కొత్త కార్లలో పడుతోందంటే ఆయా మోడల్‌కి తగ్గ ఫ్రేమ్ దొరుకుతుంది కాబట్టి. మీ బండికి అలాంటి ఫ్రేమ్ లేదనే షాపువాళ్లు రంపం మాట ఎత్తారు.

గూడు కింద చిల్లర పెట్టుకునే చిన్న అర ఉందని రాశారు. ఆ వివరం ముఖ్యమైనది. గూడు, అర కలిపి ఎత్తు 100 వస్తే, మధ్యలో ఉన్నది ఉత్త ప్లాస్టిక్ అడ్డుపట్టీ అయితే, 7 అంగుళాల డబుల్ డిన్ సెట్టుకు దారి ఉన్నట్టే. అర కొన్ని బండ్లలో విడిగా ఊడి వస్తుంది. అలా వస్తే జాగ్రత్తగా తీసి దాచండి, బండి అమ్మేటప్పుడు మళ్లీ పెట్టుకోవచ్చు. పట్టీ డాష్‌బోర్డుతో కలిసి పోత పోసినదైతే దాన్ని తీసేయడం కూడా కోతే. కాకపోతే ముందు ఫ్రేమ్ కప్పేస్తుంది కాబట్టి బయటికి కనపడదు. ఆ ఒక్క కోత వరకు నేను ఒప్పుకుంటాను. అదీ చిన్న హాక్సా బ్లేడుతో, ఆకురాయితో నెమ్మదిగా చేయాలి. గ్రైండర్ తెచ్చినవాణ్ని బండి దగ్గరకు రానివ్వకండి.

కానీ ముఖం కొలిస్తే సగమే కొలిచినట్టు. లోతు ఎవరూ కొలవరు. సీడీ ప్లేయర్ ఉన్న సెట్టు వెనక్కి 160 మిల్లీమీటర్లకు పైగా పోతుంది, ఆపైన వైర్ల గుత్తికి, ఏరియల్ పిన్నుకు ఇంకో మూడు వేళ్ల చోటు కావాలి. పాత చిన్న కార్లలో గూడు వెనకే ఏసీ గాలి గొట్టం, హీటర్ మీటల తీగలు, డాష్‌బోర్డును మోసే ఇనుప పట్టీ అన్నీ ఉంటాయి. సీడీ లేని సెట్టు చాలా పొట్టిగా ఉంటుంది. మీకు సీడీ అవసరం లేదు కాబట్టి అలాంటిదే తీసుకోండి. పాత స్టీరియో బయటికి తీసి, గూట్లోకి టార్చి వేసి, స్కేలు పెట్టి వెనక మొదట తగిలే వస్తువు ఎంత దూరంలో ఉందో రాసుకోండి. ఆ అంకె చేతిలో లేకుండా ఏ సెట్టూ కొనకండి.

లోతు గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. నేను ఈ పనిలోకి రాకముందు, 2002లో నాకో జెన్ కారు ఉండేది. సీడీ ప్లేయర్ పెట్టించుకున్నాను. సెట్టు లోపలికి పోవడం లేదని షాపులో గూడు వెనక ఇనుప పట్టీని కొంత కోసి, మిగిలింది వంచారు. కోసిన అంచు బ్లేడులా తేలింది. బ్యాటరీ నుంచి వచ్చే పసుపు వైరు దాని మీదే ఆనింది. దానికి ఫ్యూజు కూడా వేయలేదు. ఐదు నెలల పాటు గతుకుల్లో రాపిడి పడి, ఓ సాయంత్రం హనుమంతవాక దగ్గర సిగ్నల్‌లో ఆగి ఉండగా డాష్‌బోర్డు లోంచి పొగ వచ్చింది. వెనక సీట్లో మా అమ్మ, నా కూతురు ఉన్నారు. ఇద్దర్నీ దింపేసి బానెట్ ఎత్తి బ్యాటరీ టెర్మినల్ పీకేసరికి నా చేతులు వణుకుతున్నాయి. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ కాలిన ప్లాస్టిక్ వాసన నాకు ఇంకా గుర్తే. వైరింగ్ నేర్చుకోవాలన్న పట్టుదల నాకు ఆ రోజే వచ్చింది. అందుకే ప్లాస్టిక్ కోత గురించి నాతో బేరమాడినా, ఇనుము కోత గురించి మాత్రం మాట్లాడొద్దంటాను. ఆ ఇనుప పట్టీ డాష్‌బోర్డు బరువును మోస్తుంది, దాన్ని కోసే హక్కు ఏ స్టీరియోకూ లేదు.

మరి పెద్ద స్క్రీనే కావాలంటే? ఇంకో రకం సెట్లు ఉన్నాయి. వాటి పెట్టె సింగిల్ డిన్ గూట్లో కూర్చుంటుంది, 9 లేదా 10 అంగుళాల స్క్రీన్ దాని ముందు ఒక కాడ మీద నిలబడుతుంది. కోత అక్కర్లేదు. వినడానికి ఇదే సులువుగా అనిపిస్తుంది, చాలామందికి నేనే పెట్టాను. అయితే పాత ఆల్టోలో దీనికి కొన్ని చిక్కులు ఉన్నాయి, అవి కొనే ముందే ఇంట్లో తేల్చుకోవచ్చు. ఒక అట్టను 23 సెంటీమీటర్లు, 14 సెంటీమీటర్లకు కత్తిరించి, స్టీరియో ముందు రెండు వేళ్ల ఎత్తులో నిలబడేలా టేపుతో అతికించండి. రెండు రోజులు అలాగే నడపండి. ఏసీ గాలి ముఖానికి తగులుతోందా, అట్టకు కొట్టుకుని ఆగిపోతోందా? ఏసీ మీటలు చూడకుండా అందుతున్నాయా? ఒకటో గేరు, మూడో గేరు వేసినప్పుడు వేళ్ల కణుపులు అట్టకు తగులుతున్నాయా? ముఖ్యంగా ఈ పరీక్ష మీరు కాదు, నాన్నగారు చేయాలి. సీటు ఆయన కూర్చునే దూరంలోనే ఉండాలి. ఇంకోటి, ఆ స్క్రీన్ బరువంతా ముందుకు వేలాడుతుంది. పెట్టె వెనక వైపు చిల్లుల పట్టీతో గట్టి ఇనుముకు కట్టకపోతే సింహాచలం ఘాట్ రెండుసార్లు ఎక్కి దిగేసరికి స్క్రీన్ ఊగడం మొదలవుతుంది.

ఇక నా అభిప్రాయం చెప్తాను. నాన్నగారు అడిగింది స్క్రీన్ కాదు, వాల్యూమ్ నాబ్ పాడైందని చెప్పారు. ఈ ఆండ్రాయిడ్ సెట్లలో చాలావాటికి తిప్పే నాబ్ ఉండదు, అద్దం మీద వేలితో తాకాలి. పెద్దవయసులో, గతుకుల రోడ్డు మీద, చూపు రోడ్డు మీంచి తీసి గీతంత గుర్తును వెతికి తాకడం మంచిది కాదు. నా సొంత తండ్రి బండి అయితే తిప్పే నాబ్, కనీసం నొక్కే బటన్లు ఉన్న, పేరున్న కంపెనీ 7 అంగుళాల సెట్టు, ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే ఉన్నది పెడతాను. కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చాయి. వాటిలో మ్యాపు నడిపేది మీ ఫోను, సెట్టు కేవలం చూపిస్తుంది. కాబట్టి ఫోను మార్చినప్పుడల్లా మీ మ్యాపులూ కొత్తవవుతాయి. పూర్తి ఆండ్రాయిడ్ సెట్టు అలా కాదు. లోపలి ప్రాసెసర్, మెమరీ కొన్నరోజు ఎంతో అంతే, మూడేళ్లకు మ్యాపు తెరవడానికే నీరసపడుతుంది. పెట్టె మీద రాసిన మెమరీ లోపల నిజంగా లేని సెట్లు కూడా నా బల్ల మీదికి చాలా వచ్చాయి.

పెట్టె మీద "4×50 వాట్లు" అన్న మాటనూ పట్టించుకోకండి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడు బండిలో ఉండేది 14.4 వోల్టులు. ఆ వోల్టేజితో 4 ఓమ్‌ల స్పీకర్‌కు వక్రీకరణ లేకుండా ఇవ్వగలిగేది లెక్క ప్రకారం 26 వాట్లకు మించదు, నిజంగా వచ్చేది ఇంకా తక్కువ. సెట్టుకు వేసే ఫ్యూజు సాధారణంగా 10 ఆంపియర్లు. అందులోంచి 200 వాట్లు ఎలా వస్తాయి? శబ్దం బాగుండాలంటే ఆ డబ్బుతో ముందు డోర్ల స్పీకర్లు మార్చండి. పాత బండిలో స్పీకర్ కాగితం ఉప్పుగాలికి పొడిపొడి అయిపోయి ఉంటుంది.

స్పీకర్ల వైర్ల విషయంలో ఒక ప్రమాదం ఉంది. చాలా పాత వైరింగ్‌లలో, లేదా మధ్యలో ఎవరో చేతులు పెట్టిన బండ్లలో, స్పీకర్ నెగెటివ్‌ను బాడీ ఎర్త్‌కు కలిపేసి ఉంటారు. ఇప్పటి సెట్లలో స్పీకర్‌కు వెళ్లే రెండు వైర్లలోనూ వోల్టేజి ఉంటుంది, దేన్నీ బాడీకి తాకించకూడదు. తాకిస్తే లోపలి ఆంప్లిఫయర్ చిప్పు పోతుంది. కొత్త సెట్టు పెట్టిన గంటకే చచ్చిపోయిందని వచ్చేవాళ్లలో నేను మొదట చూసేది ఇదే. కలిపే ముందు ఒక్కో స్పీకర్ వైరుకు, బాడీకి మధ్య మల్టీమీటరు పెట్టి చూడండి. బీప్ వస్తే ఆ వైరును వాడకండి, డోరు దాకా కొత్త జత లాగించండి.

రంగుల సంగతి తెలిస్తే షాపులో మీ కళ్ల ముందు జరిగేది అర్థమవుతుంది. సెట్టుతో వచ్చే గుత్తిలో పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకర్, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. వాటి పక్కన నల్ల గీత ఉన్నది నెగెటివ్. ఇది సెట్టు వైపు రంగుల పద్ధతి. బండి వైపు రంగులు కంపెనీ ఇష్టం, వాటిని మీటరుతో తేల్చుకోవాల్సిందే. తొందరపడే షాపుల్లో పసుపు, ఎరుపు కలిపి మెలేస్తారు. రెండూ తాళం కరెంటుకు కలిపితే, బండి ఆపిన ప్రతిసారీ సెట్టు గడియారం, రేడియో స్టేషన్లు మర్చిపోతుంది. రెండూ డైరెక్ట్ కరెంటుకు కలిపితే ఇంకా కష్టం. మీ బండిది 35 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీ. సెట్టు నిద్రపోకుండా 200 మిల్లీఆంపియర్లు తాగుతోందనుకోండి, రోజుకు 4.8 ఏహెచ్ పోతుంది. నాన్నగారు నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చేసరికి సగానికి పైగా ఖాళీ, ఐదో రోజు పొద్దున్న సెల్ఫ్ తిరగదు. పని అయ్యాక తాళం తీసేసి, డోర్లు వేసి, పావుగంట ఆగి, బ్యాటరీ నెగెటివ్ దగ్గర మీటరు పెట్టించండి. 50 మిల్లీఆంపియర్లలోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఇప్పుడు మన ఊరికి మాత్రమే చెందిన మాట. మీ బండి రోజూ సముద్రం పక్కన గంటసేపు నిలబడుతుంది. ఈ ఉప్పుగాలికి మెలేసి టేపు చుట్టిన జాయింట్లు నిలవవు. ఎండకు టేపు జిగురు కరిగి జారుతుంది, లోపల రాగి మీద పచ్చగా చిలుము పడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఎన్నో బండ్ల అద్దాలు పగిలి లోపలికి వాన నీళ్లు వెళ్లాయి. ఆ తర్వాత నెలల తరబడి నేను డాష్‌బోర్డులు విప్పుతూనే ఉన్నాను. కప్లర్, అంటే ఒకదాన్లో ఒకటి తగిలించే ప్లాస్టిక్ కనెక్టర్, పెట్టి చేసిన జాయింట్లు చాలావరకు శుభ్రం చేస్తే బతికాయి. మెలేసి టేపు చుట్టినవి మాత్రం చేత్తో పట్టుకోగానే తెగి వచ్చాయి. కాబట్టి మారుతి కప్లర్ ఉన్న గుత్తి విడిగా కొనిపించండి, దాని ధర సెట్టు ధర ముందు ఏ మూలకూ రాదు. బండి అసలు వైరింగ్‌ను ఎక్కడా తెంపకుండా కప్లర్‌కు కప్లర్ తగిలిస్తే చాలు. మీ బండిలో అసలు కప్లర్‌ను ఇప్పటికే ఎవరైనా కోసేసి ఉంటే, జాయింట్లను టంకం వేయించి, వేడికి ముడుచుకునే స్లీవ్ ఎక్కించి, వైర్ల గుత్తి మొత్తానికి గుడ్డ టేపు చుట్టించండి.

ఎర్త్ వైరును ఏదో ఒక స్క్రూ కింద దోపేస్తే ఒప్పుకోకండి. పెయింటు గీకి, మెరిసే ఇనుము కనపడ్డాక, పళ్ల వాషర్ వేసి బోల్టు బిగించి, పైన కాస్త వ్యాజలిన్ రాయాలి. ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా స్పీకర్లో ఈగ రొద లాంటి శబ్దం పెరుగుతోందంటే ముందు అనుమానించాల్సింది ఎర్త్‌నే. అలాగే ఏసీ పెట్టె ఈ ఊరి తేమకు చెమట పడుతుంది. వైర్లు దాన్ని ఆనుకోకుండా, ఒకచోట కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా కట్టిస్తే నీటి బొట్టు అక్కడే రాలిపోతుంది, కప్లర్ దాకా పాకదు.

పని రోజు గురించి కొంచెం. ముందుగా 10 నంబర్ పానాతో బ్యాటరీ నెగెటివ్ విప్పాలి. పదిహేనేళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు చల్లగా ఉన్నప్పుడు పుటుక్కున విరుగుతాయి, మధ్యాహ్నం వెచ్చగా ఉన్నప్పుడు కాస్త సాగుతాయి. అందుకే నేను డాష్‌బోర్డు పనులు పొద్దున్నే మొదలుపెట్టను. స్క్రూడ్రైవర్‌తో మీటకుండా ప్లాస్టిక్ బద్దతో తీయమనండి. సెట్టు పక్కల బిగించడానికి పెట్టెలో వచ్చిన స్క్రూలే వాడాలి. పొడుగు స్క్రూ వేస్తే లోపలి బోర్డును పొడుస్తుంది. ఫ్రేమ్ ఆనే చోట ఫెల్ట్ టేపు అంటిస్తే కిటకిట ఉండదు. హ్యాండ్‌బ్రేక్ వైరును ఎర్త్‌కు కలిపి నడుస్తుండగా వీడియో వచ్చేలా చేస్తామంటారు, వద్దనండి. రివర్స్ కెమెరా మాత్రం పెట్టించండి, నాన్నగారికి పనికొస్తుంది. దాని సిగ్నల్ రివర్స్ లైటు దగ్గర తీసుకుంటే చాలు.

చివరిగా రేడియో. ఏరియల్ పిన్ను పాతదే సరిపోతుంది, కానీ తీసినప్పుడు కొనలో చిలుము ఉంటే గరుకు కాగితంతో రుద్దించండి. కొత్త సెట్టులో రేడియో ప్రాంతం అమెరికా అని పెట్టి ఉంటే స్టేషన్లు 0.2 చొప్పున, బేసి అంకెల మీదే గెంతుతాయి: 101.9, తర్వాత 102.1. మన విశాఖ రెయిన్‌బో 102.0 మధ్యలో ఉండిపోతుంది, గరగర తప్ప సరిగా వినపడదు. సెట్టే బాగోలేదని దాన్ని షాపుకు తిరిగి తెచ్చినవాళ్లు ఉన్నారు. సెట్టింగ్స్‌లో ప్రాంతాన్ని ఇండియా లేదా ఆసియా అని మార్చి, 102ను మొదటి బటన్‌కు సేవ్ చేసి, అప్పుడు తాళం నాన్నగారికి ఇవ్వండి. గూడు ఎత్తు, లోతు, కింది అర ఊడి వస్తుందా లేదా, ఈ మూడూ కొలిచి నాకు రాస్తే ఏ సెట్టు పడుతుందో చెప్తాను.